మే ఎండలో బెంజీన్ ఎక్కడికి పోయింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గాలిలో అతి తక్కువ మోతాదులో ఉండే సేంద్రియ ఆవిర్లను గ్యాస్ క్రోమటోగ్రఫీతో (జీసీ: ఆవిర్లను కాలమ్ అనే సన్నని గొట్టంలోంచి పంపి విడదీసి, ఒక్కోదాన్ని ఒక పీక్‌గా చూపే పద్ధతి) కొలవడం గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలివి. వాటిలో ఎక్కువ మిషన్ గురించే. కానీ చాలా చిక్కులకు మూలం మిషన్ దాకా రాకముందే, గాలి పట్టిన చోటే ఉంది. అందుకే జవాబుల్లో గాలి పట్టే ట్యూబుకే పెద్దపీట వేశాం.

నల్లగొండ నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని: ప్రాజెక్టు కోసం క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర టెనాక్స్ (ఆవిర్లను అంటించుకునే గింజలు) నింపిన ట్యూబులతో గాలి పడుతున్నాం, ట్యూబుకు 4 లీటర్లు. ఫిబ్రవరిలో బెంజీన్ బాగానే కనిపించింది. మేలో బాగా పడిపోయింది. టోలుయిన్ మాత్రం తగ్గలేదు. ట్రాఫిక్ అంతే ఉంది, మిషన్‌లో తేడా ఏమీ లేదంటున్నారు. గాలి బాగుపడిందని రిపోర్టులో రాయొచ్చా?

రాయొద్దు. టోలుయిన్ తగ్గలేదన్న మీ మాటలోనే జవాబు ఉంది. రోడ్డు మీద ఈ రెండూ ఒకే పెట్రోలు పొగలోంచి వస్తాయి. వాటిలో ఒక్క బెంజీనే మాయమైందంటే, అది గాలిలోంచి కాదు, మీ ట్యూబులోంచి పోయిందని ముందుగా అనుమానించాలి.

టెనాక్స్ గింజలకు అంటుకున్న ఆవిరి అక్కడే పాతుకుపోదు. వెనక వచ్చే గాలి దాన్ని కొద్దికొద్దిగా ముందుకు తోస్తూనే ఉంటుంది. చివరికి అటు కొసన బయటపడుతుంది. దీన్నే బ్రేక్‌త్రూ అంటాం. 200 మిల్లీగ్రాముల టెనాక్స్ టీఏ ఉన్న మామూలు ట్యూబులో, 20 డిగ్రీల దగ్గర, బెంజీన్ జారిపోకుండా పట్టదగిన గాలి సుమారు 6.2 లీటర్లు. టోలుయిన్‌కైతే 38 లీటర్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ అంకె దాదాపు సగానికి పడుతుంది. ఇప్పుడు 42 డిగ్రీల మధ్యాహ్నానికి లెక్క వేయండి. బెంజీన్‌కు మిగిలేది 1.35 లీటర్లు, టోలుయిన్‌కు 8 లీటర్ల పైచిలుకు. మీరు లాగింది 4 లీటర్లు. అందుకే ఒకటి నిలిచింది, ఒకటి జారింది. ట్యూబును ఎండలో రేకు డబ్బాలో పెట్టి ఉంటే లోపల 50 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. అప్పుడు బెంజీన్‌కు 0.8 లీటరే దక్కుతుంది. పుస్తకాల్లోని పట్టికలు చాలావరకు చల్లని దేశాల ఉష్ణోగ్రతకు వేసినవి. మన వేసవికి వాటిని తిరగరాసుకోవాల్సిందే.

ఇక చేయాల్సింది. మార్చి నుంచి జూన్ దాకా టెనాక్స్ ఒక్కటే వాడేట్టయితే 1 లీటరు దాటకండి. నిమిషానికి 16.7 మిల్లీలీటర్ల చొప్పున గంట నడిపితే 1 లీటరు అవుతుంది. నెమ్మదిగా లాగితే మంచిదనుకుని నిమిషానికి 10 మిల్లీలీటర్ల కిందికి మాత్రం వెళ్లొద్దు. అప్పుడు పంపుతో పని లేకుండానే ట్యూబు మూతి నుంచి విసరణతో లోపలికి చేరే ఆవిరి లెక్కను చెడగొడుతుంది. ఇంకా మంచి పద్ధతి, టెనాక్స్ వెనక కార్బోప్యాక్ ఎక్స్ లాంటి బలమైన బొగ్గు పొర ఉన్న ట్యూబు వాడడం. గాలి ముందు టెనాక్స్‌ను, తర్వాత బొగ్గును తాకాలి. ల్యాబులో వేడిచేసి విడిపించేటప్పుడు, ఆవిరిని కాలమ్‌లోకి మోసుకెళ్లే క్యారియర్ గ్యాసు దీనికి ఎదురు దిశలో పోవాలి. ట్యూబు మీది బాణం గుర్తు చూడకుండా తిరగేసి బిగిస్తే బరువైన అణువులు బొగ్గులో ఇరుక్కుపోతాయి, ఇక రావు.

రోజుకు ఒక్కసారైనా జంట శాంపిల్ తీయండి. ఒకే చోట, ఒకే గంటలో ఒక ట్యూబులోకి 1 లీటరు, పక్క ట్యూబులోకి 4 లీటర్లు (నిమిషానికి 66.7 మిల్లీలీటర్లు). రెండు ఫలితాలు 25 శాతం లోపు తేడాతో కలవాలి. 4 లీటర్లది తక్కువ చూపితే బెంజీన్ జారిపోతున్నట్టే. మేం ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా నమ్మదగిన పరీక్షను చూడలేదు.

ఇంకో దిద్దుబాటు కూడా మరవొద్దు. ఫలితాన్ని 25 డిగ్రీలు, 760 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి మార్చి చెప్పాలి. నల్లగొండ సముద్ర మట్టానికి ఎత్తున ఉంది కాబట్టి పీడనం 760 కన్నా తక్కువే. పీడనం 720 దగ్గర ఉండి, ఉష్ణోగ్రత 42 అయితే 4 × (298/315) × (720/760), అంటే 3.6 లీటర్లే. ఇది వేయకపోతే మీ అంకె ఏకంగా పదిశాతం తక్కువ చూపుతుంది.

మేలో తీసిన బెంజీన్ అంకెల్ని వెనక్కి తేలేం. టోలుయిన్‌ను అలాగే రాయండి. బెంజీన్‌కు "కనీసం ఇంత ఉంది, ట్యూబు దాటి పోయింది ఎంతో తేలలేదు" అని రాయండి. పరీక్షకులు తప్పు పట్టరు, మెచ్చుకుంటారు.

చౌటుప్పల్ దగ్గరి ఊరి నుంచి ఒక రైతు: రాత్రి పదకొండు దాటినంక ఘాటు వాసన వస్తది. అర్ధగంట ఉంటది, పోతది. పిల్లలు దగ్గుతరు. ఫిర్యాదు చేస్తే పొద్దున పదింటికి వచ్చి గాలి పట్టుకపోతరు. రిపోర్టుల "ఏం లేదు" అని వస్తది. మిషన్‌ది తప్పా, మా ముక్కుది తప్పా?

మీ ముక్కు తప్పు కాదు. బహుశా మిషన్ తప్పు కూడా కాదు. వేళ తప్పు.

పొద్దు గూకాక నేల చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి, కిందే పరుచుకుంటుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పగలైతే పైకి లేచి చెదిరిపోవాల్సిన ఆవిరి రాత్రి చేలగట్ల ఎత్తునే పాకుతూ ఊళ్లోకి వస్తుంది. చలికాలంలో ఇది మరీ ఎక్కువ. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి కలియబడుతుంది, మూత విడిపోతుంది. పదింటికి పట్టిన గాలిలో రాత్రి ఆవిరి ఉండదు.

24 గంటల శాంపిల్ తీసినా ఇదే చిక్కు. 30 నిమిషాల వాసనను 1,440 నిమిషాల గాలిలో కలిపితే 48 రెట్లు పలచబడుతుంది.

ఇంకో కారణం పట్టే సాధనం. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌దో, మెర్కాప్టాన్లదో (గంధకం ఉన్న సేంద్రియ ఆవిర్లు) అయితే ముక్కు వాటిని వందకోట్లలో ఒక వంతు కన్నా తక్కువ ఉన్నా పసిగట్టగలదు. హైడ్రోజన్ సల్ఫైడ్ టెనాక్స్‌కు అంటదు, కార్బన్ ఉన్న ఆవిర్లను మంటలో కాల్చి గుర్తించే ఎఫ్ఐడీ డిటెక్టరు దాన్ని గుర్తించదు. వీటికి గాలిని సంచిలో గానీ, లోపల సిలికా పూత వేసిన క్యానిస్టరులో (లోహపు డబ్బా) గానీ పట్టి, ఒక రోజు లోపే, గంధకానికి స్పందించే డిటెక్టరు ఉన్న జీసీలో పెట్టాలి. బెంజీన్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ప్రమాణానికి వందల రెట్లు ఉంటే తప్ప దాని వాసన తెలియదు. కాబట్టి వాసన లేదు కదా అని కూడా నిశ్చింతగా ఉండలేం.

మీరు చేయగలిగింది ఉంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. తారీఖు, వాసన మొదలైన టైము, ఆగిన టైము, గాలి ఎటునుంచి వీస్తోంది (కర్రకు కట్టిన దారం చాలు), ఎట్లాంటి వాసన. కుళ్లిన గుడ్డా, రంగుల డబ్బానా, గోళ్ల పాలిష్‌నా? పది రాత్రుల రాత ఉంటే ఏ వేళకు, ఏ దిక్కున శాంపిల్ తీయాలో ఎవరికైనా అర్థమవుతుంది. కొలిచేవాళ్లను 6 లీటర్ల ఖాళీ క్యానిస్టరు ఊళ్లో ఉంచమని అడగండి. లోపలి గాలంతా తీసేసి ఉంటుంది కాబట్టి దానికి కరెంటు వద్దు, పంపు వద్దు. వాసన రాగానే వాల్వు తిప్పితే నిమిషం లోపే నిండుతుంది. అదే సమయానికి గాలి వచ్చే వైపు, ఊరి అవతల ఇంకోటి తెరిస్తే మూలం ఎటో తేలుతుంది.

రిపోర్టు చూసేటప్పుడు ఒక మాట పట్టుకోండి. "ఏం లేదు" అన్నది ఫలితం కాదు. "ఇంత మైక్రోగ్రాముల కంటే తక్కువ" అన్నదే ఫలితం. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా పట్టారు, ఏ డిటెక్టరు వాడారు, ఎంత తక్కువ దాకా చూడగలరు అనే మూడూ రాసి ఇమ్మని అడిగే హక్కు మీకుంది. 2009 నవంబరులో వచ్చిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యాల్లో సేంద్రియమైనవి రెండే. బెంజీన్‌కు ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు, బెంజో(ఎ)పైరీన్‌కు 1 నానోగ్రాము, రెండూ ఘనపు మీటరుకు. మందుల తయారీలో వాడే టోలుయిన్, డైక్లోరోమీథేన్‌లకు ఆ పట్టికలో హద్దే లేదు. అందుకే "ప్రమాణం లోపలే ఉంది" అని రాస్తే, ఏ పదార్థానికి ప్రమాణం అని ఎదురడగండి.

జడ్చర్ల నుంచి ల్యాబు టెక్నీషియన్: పని జరిగే గదుల్లో టోలుయిన్, డైక్లోరోమీథేన్, మెథనాల్ మూడింటికీ 100/50 మిల్లీగ్రాముల (ముందు పొర 100, వెనక పొర 50) బొగ్గు ట్యూబు ఒక్కటే వాడుతున్నాం సార్. డైక్లోరోమీథేన్ వెనక పొరలో కూడా ముందు పొరంత వస్తోంది. మెథనాల్ పీక్ అసలు రావడం లేదు.

ముగ్గురికీ ఒకే ఇల్లు కుదరదు. టోలుయిన్‌కు మీ ట్యూబు సరిపోతుంది. డైక్లోరోమీథేన్ మరుగు స్థానమే 39.6 డిగ్రీలు. మన ఎండాకాలపు షెడ్డులో అది నిలవమన్నా నిలవదు. దానికి రెండు బొగ్గు ట్యూబులు వరుసగా తగిలించి, మొత్తం 2.5 లీటర్లు దాటకుండా పట్టండి. శాంపిల్ కాగానే రెండింటినీ విడదీసి, విడివిడిగా మూతలు పెట్టి ఐసు పెట్టెలో వేయండి. ఇది ఎందుకంటే, వెనక పొరలో కనిపించేదంతా గాలి పడుతున్నప్పుడు జారిందే కానక్కర్లేదు. వెచ్చని బ్యాగులో రెండు రోజులు ఉంటే ఆవిరి ముందు పొర నుంచి వెనక పొరకు తనంతట తానే నడిచిపోతుంది. విడదీసిన ట్యూబుల్లో ఆ అనుమానం ఉండదు. వెనక భాగంలో ఉన్నది ముందు భాగంలోని దాంట్లో 10 శాతం దాటితే ఆ శాంపిల్‌ను నమ్మకండి.

మెథనాల్‌కు సిలికాజెల్ ట్యూబు వాడి, నీటితో విడిపించి, వ్యాక్స్ రకం కాలమ్‌లో ఎఫ్ఐడీతో చూడాలి. బొగ్గు, దాన్నుంచి ఆవిరిని విడిపించే కార్బన్ డైసల్ఫైడ్ ద్రావకం జోడీతో అది రాదు. వానాకాలంలో సిలికాజెల్ గాలిలోని తేమనే తాగి నిండిపోతుంది కాబట్టి అప్పుడు తక్కువ గాలి పట్టండి.

కార్బన్ డైసల్ఫైడ్ ఎంత జాగ్రత్తగా వాడాలో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నిప్పు అక్కర్లేదు, దాదాపు 90 డిగ్రీల వేడి ఉపరితలం తగిలితేనే అంటుకుంటుంది. హాట్ ప్లేటు, జీసీ ఓవెన్ గాలి బయటికొచ్చే వెనక వైపు దానికి దూరంగా ఉండాలి. ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తీయొద్దు. బెంజీన్ తక్కువున్న రకమే కొనండి. మామూలు సీసాలో బెంజీన్ మలినంగా ఉంటుంది, అదే మీ ఫలితంలోకి ఎక్కుతుంది. ట్యూబుకు 1 మిల్లీలీటరు పోసి, అప్పుడప్పుడు కదుపుతూ 30 నిమిషాలు ఉంచాలి. తెలిసిన మోతాదు వేసిన మూడు ట్యూబుల్ని రాత్రంతా ఉంచి మర్నాడు విడిపించి చూడండి. 75 శాతమైనా తిరిగి రాకపోతే ఆ బొగ్గు, ఆ పదార్థం పొంతన కుదరనట్టే.

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు, పర్యావరణ ల్యాబులో ట్రైనీ: తెరవని ట్యూబులో కూడా బెంజీన్ పీక్ వస్తోంది. క్యాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో మిషన్ కొలతను సరిచూడడం) ఎట్లా చేయాలో కూడా చెప్పండి.

టెనాక్స్ వేడికి తానే కొద్దిగా విరిగి 0.1 నుంచి 1 నానోగ్రాము దాకా బెంజీన్ ఇస్తుంది. ఇది మామూలే. ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములున్న గాలిని 1 లీటరు పడితే దొరికేది 5 నానోగ్రాములు. బ్లాంకులోనే (గాలి పట్టని ట్యూబులోనే) 1 ఉంటే ఐదో వంతు అబద్ధమన్నమాట. వాడబోయే ముందు ట్యూబును 320 డిగ్రీల మీద, నిమిషానికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల హీలియం పోనిస్తూ 2 గంటలు కాల్చండి. 350 దాటితే టెనాక్స్ పాడవుతుంది. కాల్చాక వెంటనే ఇత్తడి మూతలు, లోపల టెఫ్లాన్ ఫెరూల్ ఉన్నవి, బిగించండి. రబ్బరు మూతలు, ప్లాస్టిక్ మూతలు పనికిరావు.

బ్లాంకు 1 నానోగ్రాము దాటిందంటే దారిలో ఎక్కడో అంటింది. పెట్రోలు పోయించుకొచ్చిన చేతులు, ట్యూబు మీద రాసిన మార్కర్ పెన్ను, ట్యూబులున్న బండిలోనే ఉన్న డీజిల్ డబ్బా, పంపు పక్కన నడుస్తున్న జనరేటరు, ల్యాబులో దేవుడి పటం ముందు వెలిగించిన అగరుబత్తి. చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అగరుబత్తి పొగలో బెంజీన్ ఉంటుంది. ట్యూబు మీద రాత వద్దు, నంబరు చెక్కి ఉన్నవే వాడండి. ప్రతి పది ట్యూబులకు ఒకటి ఫీల్డుకు తీసుకెళ్లి, మూత తీసి వెంటనే బిగించి, పంపు తగిలించకుండా వెనక్కి తీసుకురావాలి. అది చెప్పే కథ మిగతా తొమ్మిది చెప్పవు.

క్యాలిబ్రేషన్‌కు: 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో మెథనాల్ సగానికి పైగా పోసి, అందులో 11.4 మైక్రోలీటర్ల బెంజీన్ వదిలి గీత దాకా నింపండి. సూది ఆ మెథనాల్‌లో మునిగి ఉండాలి, పైన వదిలితే ఆవిరైపోతుంది. ఇది మైక్రోలీటరుకు 100 నానోగ్రాములు. దీన్ని పదింతలు పలచన చేస్తే మైక్రోలీటరుకు 10. నత్రజని నిమిషానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు పోతున్న ట్యూబులోకి 1 మైక్రోలీటరు వేసి 5 నిమిషాలు ఆగండి. మెథనాల్ టెనాక్స్‌కు పెద్దగా అంటదు, వెళ్లిపోతుంది, బెంజీన్ ఉంటుంది. ఒక్కో మెట్టుకు తగినట్టు పలచన మార్చుకుంటూ 1, 5, 10, 25, 50 నానోగ్రాముల ఐదు మెట్లు చాలు. గీత సున్నా దగ్గర పైకి లేచి ఉంటే మెథనాల్‌లోనో ట్యూబులోనో మలినం ఉన్నట్టు.

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు: మా ఇంటి చుట్టూ రైస్ మిల్లులే. ఊక బాయిలర్ పొగలో క్యాన్సర్ కలిగించే బెంజో(ఎ)పైరీన్ ఉంటుందంటారు. ఇదే ట్యూబుతో అదీ చూడొచ్చా?

చూడలేరు. అది ఆవిరిగా కంటే మసికి అంటుకుని ఎక్కువ తిరుగుతుంది. క్వార్ట్జ్ ఫిల్టరు మీద, నిమిషానికి 1.1 ఘనపు మీటర్లు లాగే పెద్ద శాంప్లరుతో 24 గంటలు పట్టాలి. అంటే దాదాపు 1,600 ఘనపు మీటర్ల గాలి. ప్రమాణమైన 1 నానోగ్రాము చొప్పున ఫిల్టరంతటి మీద 1,600 నానోగ్రాములు చేరతాయి. అందులో పావు ముక్క కోసి ద్రావకంలో దించి 1 మిల్లీలీటరుకు మరిగిస్తే మైక్రోలీటరుకు 0.4 నానోగ్రాము. అణువులను, వాటి ముక్కలను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటరు దాన్ని 252 అయాన్ దగ్గర హాయిగా చూస్తుంది. అయితే బెంజో(ఇ)పైరీన్ అనే తోబుట్టువుకూ అదే 252. కాలమ్ ఆ రెంటినీ విడదీస్తోందో లేదో చూపించమని అడగండి. ఫిల్టరును ఎండ తగలకుండా అల్యూమినియం రేకులో చుట్టాలి. వెలుతురుకు ఈ పదార్థం విరిగిపోతుంది. ఊక ఎండినదై, బాయిలరుకు గాలి సరిగా అందితే పొగ తగ్గుతుంది, దానితో ఇదీ తగ్గుతుంది. తడి ఊక వేసిన రోజు ఏదో కూడా రాసిపెట్టుకోండి.

మహబూబ్‌నగర్ నుంచి డిగ్రీ కళాశాల అధ్యాపకుడు: మా దగ్గర ఎఫ్ఐడీ ఉన్న పాత జీసీ ఉంది. థర్మల్ డిసార్బర్ (ట్యూబును వేడిచేసి ఆవిరిని విడిపించే సాధనం) లేదు. విద్యార్థులతో ఊరి గాలిలో బెంజీన్ కొలిపించవచ్చా?

ఊరి గాలిలో కష్టం. పెట్రోలు బంకు దగ్గర చేయొచ్చు. ఎందుకో లెక్కే చెబుతుంది. 5 మైక్రోగ్రాముల గాలిని బొగ్గు ట్యూబులోకి 24 లీటర్లు పడితే దొరికేది 120 నానోగ్రాములు. దాన్ని 1 మిల్లీలీటరు కార్బన్ డైసల్ఫైడ్‌లో దించి 1 మైక్రోలీటరు ఎక్కిస్తే కాలమ్‌లోకి వెళ్లేది 0.12 నానోగ్రాము, అదీ స్ప్లిట్ (ఎక్కించిన దాంట్లో కొంత బయటికి వదిలేయడం) లేకుండా. వెయ్యిలో 999 వంతులు సీసాలోనే ఉండిపోతాయి. పాత ఎఫ్ఐడీలో అది గీత అదురులో కలిసిపోతుంది. థర్మల్ డిసార్బర్ గొప్పతనం ఇక్కడే ఉంది. పట్టిందంతా కాలమ్‌లోకే పంపగలదు.

బంకులో పెట్రోలు పోసే మనిషి ఊపిరి అందే చోట పడితే అంకెలు చాలా పెద్దవి. మన పెట్రోల్లో బెంజీన్ ఘనపరిమాణంలో 1 శాతం దాకా ఉండొచ్చు. మీ జీసీకి అది చాలు. ఎఫ్ఐడీకి హైడ్రోజన్ నిమిషానికి 30 నుంచి 40, గాలి 300 నుంచి 400 మిల్లీలీటర్లు పెట్టండి. బెంజీన్ పీక్ కిందే ఇంకేదైనా దాక్కున్నా ఎఫ్ఐడీ చెప్పదు. కార్బన్ టెట్రాక్లోరైడ్, 1-బ్యూటనాల్ లాంటివి కొన్ని కాలమ్‌లలో దాని పక్కనే వస్తాయి. కనీసం రెండు రకాల కాలమ్‌లలో చూసి రెండూ ఒకే అంకె ఇస్తేనే నమ్మండి.

వేసవి కరెంటు కోతలకు ఒక జాగ్రత్త. ఓవెన్ వేడిగా ఉండగా క్యారియర్ గ్యాసు ఆగితే గాలి చొరబడి కాలమ్ పూత కాలిపోతుంది. కరెంటు పోయినా సిలిండరు మూసెయ్యొద్దు, ఓవెన్ చల్లారేదాకా గ్యాసు పోనివ్వండి. క్యారియర్‌గా హైడ్రోజన్ వాడేట్టయితే మాత్రం పద్ధతి మారుతుంది, సిలిండరు మూసెయ్యాలి. కరెంటు వచ్చాక ఓవెన్ తలుపు తెరిచి గాలి ఆడనిచ్చి, లీకు లేదని చూశాకే వేడి పెట్టండి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

నాగర్‌కర్నూల్ నుంచి: జైలీన్లు మూడైతే మా క్రోమటోగ్రామ్‌లో పీకులు రెండే ఎందుకొస్తున్నాయి?

మెటా, పారా జైలీన్లు మామూలు సిలికోన్ కాలమ్ మీద కలిసే వస్తాయి, ఆర్థో ఒక్కటే విడిగా వస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటరు పెట్టినా లాభం లేదు, రెంటి ముక్కలూ ఒకటే. విడదీయాల్సిందే అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ కాలమ్ వేయండి. లేదంటే "మెటా, పారా కలిపి" అని రాయండి, అందరూ అలాగే రాస్తారు. ఆ పీకుకు క్యాలిబ్రేషన్ ద్రావణంలో కూడా రెండింటినీ కలిపి వేసి, వాటి మొత్తం బరువుతోనే గీత గీయండి.